83వ పేజీలో మందుల చీటీ

అమ్మాయీ,

చదివిన పుస్తకాల గురించి నువ్వు రాసి పంపిన కాగితాల కట్ట పోయిన గురువారం అందింది. ఆదివారం వాన పడుతుంటే వరండాలో కూచుని మొదలుపెట్టాను. పన్నెండో పేజీకొచ్చేసరికి చిరాకేసి టీపాయ్ మీద పడేశాను. సాయంత్రం మా ఆవిడ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ అవే కాగితాలు నాలుగు తిరగేసి, "పిల్ల బాగానే రాస్తోంది కదండీ, మీకు ఊరికే కోపం" అంది. సరేనని మళ్లీ తీశాను. కాబట్టి ఈ ఉత్తరం ఆవిడ పుణ్యమే అనుకో. ఒకటి రెండు కాగితాల మీద చిక్కుడు మరకలున్నాయి, ఏమనుకోకు.

"గత ఏడాది నేను 112 పుస్తకాలు చదివాను." ఇదీ నీ మొదటి వాక్యం. పెన్సిల్ తీసి అక్కడే పక్కన లెక్కేశాను, మూడు రోజులకొకటి చొప్పున పడింది. గాజువాక నుంచి రుషికొండలో ఆఫీసుకి వెళ్లి రావడానికే రోజులో సగం పోతుందని నువ్వే ఇంకోచోట రాశావు. మరి ఎలా చదివావమ్మా అంటే, వాటిలో ముప్పై దాకా చెవిలో పెట్టుకుని ఒకటిన్నర స్పీడులో విన్నానన్నావు, అదీ గొప్పగా. నా చిన్నప్పుడు మా వీధి రామకోవెల దగ్గర హరికథ చెప్పే దాసుగారిని ఎవరో పెద్దమనిషి "కాస్త త్వరగా కానివ్వండి, పొద్దుపోయింది" అంటే ఆయన చిడతలు కింద పెట్టేసి, "మిగతాది మీరే చెప్పుకోండి బాబూ" అని వెళ్లిపోయాడు. నీ పుస్తకాలకి నోరుంటే అవీ ఆ మాటే అనేవి.

తర్వాత పుస్తకాలకి మార్కుల్లా నువ్వు వేసిన ఆ చుక్కలు. ఒకదానికి నాలుగు, ఒకదానికి మూడున్నర. ఆ అర చుక్క ఎక్కడ తగ్గించావో, ఎందుకు తగ్గించావో ఒక్క ముక్క లేదు. నలభై పుస్తకాల గురించి రాసి నలభైటికీ కథ చెప్పి, "తప్పక చదవండి" అని ముగించావు. ఎక్కడ కూచుని చదివావో, ఎవరిచ్చారో, ఎక్కడ నిద్రొచ్చిందో, దేన్ని సగంలో వదిలేశావో రాయలేదు. అన్నీ పూర్తిగా చదివేశావా? నేనైతే ఇంట్లో ఉన్నవాటిలో మూడో వంతు సగంలో వదిలేసినవాడినే, ఆ మాట చెప్పుకోడానికి నాకేం సిగ్గు లేదు.

ఇంకో రెండు పేజీలు ఇలాగే సాగితే కట్ట తిప్పి పంపేసేవాడినే. ఇరవై మూడో పేజీలో ఇదుగో ఇది కనబడింది, నీ మాటల్లోనే: "లైబ్రరీ నుంచి తెచ్చిన అల్పజీవిలో 83వ పేజీ దగ్గర ఎవరిదో మందుల చీటీ ఉంది. మళ్లీ అక్కడే పెట్టేసి చదువుకుపోయాను."

అంతే, ఆ తర్వాత వేరే పుస్తకానికి వెళ్లిపోయావు! నేను మాత్రం అక్కడే ఆగిపోయాను, ఇవాళ్టికి నాలుగు రోజులు. ఎవరిదమ్మా ఆ చీటీ? మగమనిషిదా, ఆడమనిషిదా? ఏ మందులున్నాయి, బీపీవా, నిద్రమాత్రలా? తేదీ ఉందా? పగలంతా ఆఫీసులో భయపడి, ఇంట్లో భయపడి బతికే గుమాస్తా సుబ్బయ్య కథని, ఎవరో ఆసుపత్రి బెంచీ మీద టోకెన్ నంబరు పిలిచేదాకా చదువుకుంటూ కూచున్నారంటే, ఆ బెంచీ మీద నాకు ఇంకో అల్పజీవి కనపడుతున్నాడు. చీటీ అక్కడే ఉండిపోయిందంటే తర్వాత పేజీలు చదివారా, లేదా? ఆ నవల రాసిన రావిశాస్త్రిగారు ఈ విశాఖలోనే ప్లీడరీ చేసిన మనిషి, ఆయనకి ఈ సంగతి ఎవరైనా చెప్పి ఉంటే ఇంకో కథ రాసి పారేసేవారు. నువ్వు రెండు వాక్యాలు రాసి మూడోదానికి బద్ధకించావు.

ఇంతకీ నేను చెప్పొచ్చేది ఒకటే. రెండోసారి చదవని పుస్తకం గురించి రాయకు. చదువుకో, మానేయకు, కానీ రాయకు. నా స్నేహితులంతా ఈ మాట విని విని విసిగిపోయారు, ఒకాయనైతే నేను కనబడగానే "రెండోసారి వచ్చాడ్రా" అంటాడు. అననీ.

ఈ పిచ్చి నాకు ఎలా పట్టిందో చెప్తాను. 2014 అక్టోబర్ 12, నువ్వప్పుడు బళ్లో ఉండుంటావు. హుద్‌హుద్ గాలికి మా ముందుగది కిటికీ రెక్క ఊడి ఎటో పోయింది. కిటికీ పక్కనే పుస్తకాల అల్మారా. తుఫాను వెలిశాక చూస్తే మూడు అరల పుస్తకాలు నీళ్లు తాగి ఉబ్బిపోయి, లాగితే రానని మొరాయించాయి. కరెంటు లేదు, ఫ్యాను లేదు, ఊరంతా పాల ప్యాకెట్ల కోసం క్యూలు. మేడ మీద చీరల పక్కన దండేనికి పుస్తకాలు వేలాడదీశాను. అతుక్కుపోయిన పేజీల మధ్యకి ప్లాస్టిక్ స్కేలు నెమ్మదిగా పోనిచ్చి, ఒక్కో కాగితం విడదీసి, చిరగకుండా మధ్యలో కాస్త పౌడరు జల్లి, మళ్లీ ఇంకోటి. ఒక్కో పేజీకి రెండు నిమిషాలు పట్టేది. ఆ రెండు నిమిషాలూ కళ్లు ఎక్కడ పెట్టుకుంటాం? చదువుతాం. వేరే గత్యంతరం లేదు.

అలా కారా మాస్టారి, అదే కాళీపట్నం రామారావుగారి "యజ్ఞం" కథ రెండోసారి చదివాను. డిగ్రీలో ఉండగా మొదటిసారి చదివి, ఆఖరు పేజీకి వణికిపోయి, ముప్పై ఐదేళ్ల పాటు కనబడ్డవాడికల్లా ఆ ఆఖరు గురించే చెప్పాను. నువ్వూ అదే చేశావు, ఐదు చుక్కలిచ్చి "క్లైమాక్స్ షాకింగ్" అన్నావు. తడి పేజీలు విప్పుతుంటే చూద్దును కదా, ఆ ఆఖరు ఎంతో లేదు, చిటికెలో అయిపోతుంది. కథంతా పంచాయితీయే. జనం కూచోవడం, లేవడం, పాత అప్పు తవ్వడం, ఊరు ఎలా మారిందో చెప్పుకోవడం, అసలెంత, వడ్డీ ఎంత. చివర్లో జరిగేది ఆ లెక్కల్లోనే ఎప్పుడో జరిగిపోయిందని నాకు అప్పుడు తెలిసింది. రాసినాయన ఈ ఊళ్లోనే హైస్కూల్లో లెక్కల మేష్టారని ముందే తెలుసు, అయినా తట్టలేదు చూశావా. తుఫాను రాకపోతే నేను ఆ కథ చదవకుండానే, చదివాననుకుంటూ పోయేవాణ్ణి.

అసలు నా రాత మొదలైందీ అలాంటి చదువులోంచే. కంచరపాలెంలో మా ఇంటి దగ్గర ఒక అద్దె పుస్తకాల కొట్టుండేది, రోజుకి పది పైసలు. వీక్లీల్లో వచ్చిన సీరియల్స్ చింపి, వరసగా పేర్చి, అట్ట వేసి కుట్టించిన బైండ్లు ఉండేవి అక్కడ. కొన్ని పేజీల వెనక పళ్లపొడి ప్రకటనలు, సగం జోకులు, సగం వారఫలాలు. వారం అయిపోయిన చోటల్లా "సశేషం". అలాంటి ఒక బైండులో పదిహేడో వారం లేదు. పదహారులో హీరోయిన్ ఉత్తరం అందుకుంటుంది, పద్దెనిమిదిలో ఆసుపత్రిలో ఉంటుంది. నాకు మూడు రోజులు నిద్ర పట్టలేదు. ఆ పదహారు వారాలూ మూడుసార్లు చదివి, లాంగ్ నోట్‌బుక్కులో ఆ పదిహేడో వారం నేనే రాసి, బైండులో పెట్టి తిరిగిచ్చేశాను. కొట్టాయన తిట్టలేదు. తర్వాత బైండు ఊడినప్పుడు నా కాగితాలూ కలిపి కుట్టించేశాడు. మా వీధి పిన్నిగార్లంతా నా పదిహేడో వారాన్ని పది పైసలిచ్చి చదివారు! ఇరవై ఏళ్ల తర్వాత పాత పుస్తకాల బండి మీద ఆ వీక్లీ అసలు సంచిక దొరికింది. అందులో ఏం లేదు, హీరోయిన్ ఊటీ వెళ్లొచ్చింది.

యాసలో రాయొచ్చా అని అడిగావు. దీనికి నన్నడక్కూడదు, నాకు ఇంకా మంట చల్లారలేదు. జాలారిపేటలో చేపలమ్మే ఆవిడ మీద ఒక కథ రాసి వేరే ఊరి వారపత్రికకి పంపాను. అందులో తల్లి కొడుకుని "ఏట్రా గుంటడా, ఎల్పోతన్నావా" అంటుంది. అచ్చులో "ఏమిరా అబ్బాయీ, వెళ్లిపోతున్నావా" అని వచ్చింది. గుంటడు ఉన్న చోటల్లా కుర్రవాడు. ఫోను చేస్తే ఎడిటరుగారు "పాఠకులకి అర్థం కాదండీ, మీ మంచికే" అన్నారు. ఆ పత్రిక పట్టుకెళ్లి, మా ఇంటికి చేపలు తెచ్చే ఆవిడకి చదివి వినిపించాను. శ్రద్ధగా అంతా విని, "ఈయమ్మెవులో సదూకున్న మారాజుల బిడ్డ నాగుంది బాబూ" అంది. మరి ఇప్పుడో? యాస లేకపోతే కథే కాదంటున్నారు, పోటీలకి వచ్చే కథల్లో తాడేపల్లిగూడెం వాడు కూడా "నాగుంది" "సెప్పినాడు" అని రాసేస్తున్నాడు. అప్పుడు కోసిందీ వీళ్లే, ఇప్పుడు కావాలంటున్నదీ వీళ్లే. సరే, నా గొడవ నీకెందుకు. మీ నాన్నగారు స్టీల్ ప్లాంట్ నైట్ షిఫ్టుకి వెళ్తూ అన్న మాట ఒకటి రాశావే, అది అలాగే ఉంచు, దిద్దకు.

తప్పక చదవాల్సిన వంద పుస్తకాల పట్టిక ఇమ్మన్నావు. ఇవ్వను. నీ దగ్గర ఉన్న 112 చాలు. కావాలంటే పరీక్షకి ఒక్క కథ తీసుకో, గురజాడ వారి "దిద్దుబాటు", 1910లో వచ్చింది, గాజువాకలో బస్సెక్కితే ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గరికొచ్చేలోపు అయిపోతుంది. మొదటిసారి గోపాలరావుతో పాటు అర్ధరాత్రి ఇల్లంతా వెతుకుతాం, పెళ్లాం ఎక్కడికి పోయిందా అని. మర్రిపాలెం దాటాక మళ్లీ మొదట్నుంచి చదువు, ఈసారి కమలిని ఎక్కడుందో నీకు తెలుసు కదా. మంచం కింద కూచుని మొగుడి మాటలన్నీ విను. అదే కథా? అప్పుడు రాయి నీ చుక్కలు.

ఆ తర్వాత చాసో "వాయులీనం" చదువు, అది బస్సులో వద్దు, ఇంట్లో చదువు. మరీ నీరసంగా ఉన్న రోజు పతంజలి "గోపాత్రుడు" తీసుకో, భూమి బల్లపరుపా గుండ్రమా అని అలమండ జనం పంతాలకి పోయే గొడవ. అది మాత్రం బస్సులో చదవొచ్చు, నవ్వుతుంటే పక్కవాళ్లు చూస్తారు, చూడనీ. శ్రీకాకుళం వెళ్లినప్పుడు కథానిలయానికి వెళ్లు, కారా మాస్టారు 1997లో పెట్టిన కథల లైబ్రరీ. అక్కడ పాత పత్రికల్లో కథలు మొదట ఎలా అచ్చయ్యాయో చూడొచ్చు, చుట్టూ ప్రకటనలతో సహా. నా గుంటడి కథ కూడా ఉండే ఉంటుంది, కుర్రవాడి వేషంలో.

కలం పేరు గురించీ, పుస్తకానికి ఎంతవుతుందన్న దాని గురించీ ఇంకోసారి. ముందుమాట రాయమన్నావు. ఈ మధ్య ఐదేసి ముందుమాటలు పెడుతున్నారు, పుస్తకం మొదలయ్యేసరికే మనిషికి ఆకలేస్తోంది. చూద్దాం.

ఇది రాయకముందు నిన్న ఒక పని చేశాను. నా దగ్గరున్న పాత కాపీలో 83వ పేజీ తీశాను. సుబ్బయ్య భయపడుతున్నాడు. అది ఏ పేజీ తీసినా భయపడుతూనే ఉంటాడనుకో, ఉపయోగం లేదు. నువ్వు చదివిన ముద్రణ వేరేదై ఉంటుంది, పేజీలు కలవవు. అందుకని ఎండ తగ్గాక ఆటో కట్టించుకుని ద్వారకానగర్ పౌర గ్రంథాలయానికి వెళ్లాను. నువ్వు ఏ లైబ్రరీయో రాయలేదు, ఊహించి వెళ్లాను. కౌంటర్లో ఉన్నాయన వెతికి, పుస్తకం ఎవరో తీసుకెళ్లారు, ఇంకా తిరిగి రాలేదన్నారు. మందుల చీటీ ఒకటి అందులో ఉండాలండీ అంటే నా వైపు జాలిగా చూసి, "మీదేనా సార్?" అన్నారు.

వచ్చేవారం మళ్లీ వెళ్తాను. ఈలోగా నువ్వు ఏ లైబ్రరీలో తీసుకున్నావో రాయి. ఇంకోటి, ఇరవై మూడో పేజీలో 83 అని ఉంది, వెనక పెట్టిన నోట్సులో అదే చీటీ 38వ పేజీ దగ్గర అని ఉంది. ఏది నిజం?

మీ మేష్టారు
విశాఖపట్నం