ఇది పన్నా, రాయా?

ప్రశ్న: సార్, వికారాబాద్ జిల్లా నాస్కల్ వైపు వెళ్లినప్పుడు మట్టిలో 2 మిల్లీమీటర్ల నల్లటి ముక్క దొరికింది, మా తమ్ముడేమో డైనోసార్ పన్నే అంటున్నాడు, ఎలా తెలుస్తుంది? – ఒక పాఠకుడు, మెహదీపట్నం

జవాబు: తమ్ముడిని కాస్త ఆగమనండి! పది రెట్లు చూపించే లెన్స్‌తో చూడండి, పైన ఎనామెల్ గాజులా మెరుస్తూ కింద వేరు భాగం మసకగా ఉంటే పన్ను అయ్యే ఛాన్స్ ఎక్కువ. శంకువులా ఉండి రెండు పక్కలా అంచు గీతలుంటే మొసలిది కావచ్చు. అదే రెండు మూడు మొనలు, కింద రెండు వేర్లు ఉంటే మాత్రం జాక్‌పాటే, ఎందుకంటే డెక్కనోలెస్టెస్ అనే బుల్లి క్షీరదం సంగతి 1988లో బయటపడింది ఆ నాస్కల్‌లో దొరికిన ఇలాంటి పళ్లతోనే, సుమారు 6.6 కోట్ల ఏళ్ల నాటివి మరి. యాసిడ్‌తో కడగొద్దు, ప్లీజ్. దొరికిన చోటు, తేదీ రాసి, దూదిలో పెట్టి జియాలజీ వాళ్లకి చూపించండి.