బైబిళ్ళ కానుక కోసం బంగారం కుదువ పెట్టవద్దు

ప్రశ్న: నా వయసు 41. విజయవాడలో ఒక ప్రైవేటు సంస్థలో అకౌంటెంటుగా పని చేస్తున్నాను. కోతలన్నీ పోను నెలకు 52,000 రూపాయలు చేతికి వస్తాయి. దశమభాగం, ఇంటి అద్దె, ఇద్దరు పిల్లల ఫీజులు, అమ్మ మందులు, బండి ఈఎంఐ 3,200 అన్నీ కలిపి 47,000 దాకా ఖర్చవుతున్నాయి. బ్యాంకులో 38,000 ఉన్నాయి. చైనాలో గృహ సంఘాలుగా, అంటే ప్రభుత్వ గుర్తింపు లేకుండా ఇళ్ళలో, కూడుకునే విశ్వాసులకు 500 బైబిళ్ళు అందిస్తానని మా సంఘంలో మాట ఇచ్చాను. ఒక్కొక్కటి 400 చొప్పున రెండు లక్షలు కావాలి. నా భార్య బంగారం మీద ఒక ఫైనాన్స్ సంస్థ నూటికి రూపాయిన్నర వడ్డీకి ఆ మొత్తం ఇస్తానంటోంది. డబ్బు సేకరిస్తున్న వ్యక్తి ఖాతాకు ఈ నెలాఖరులోగా పంపాలి. బంగారం పెట్టడం మంచిదా, పీఎఫ్ నుంచి తీయడం మంచిదా?

జవాబు: రెండూ వద్దు. మీ సంకల్పాన్ని నేను గౌరవిస్తున్నాను, దాన్ని మానుకోమని చెప్పడానికి ఈ జవాబు రాయడం లేదు. అయితే మీరు చేయబోతున్న పొరపాటు మీ ఒక్కరిది కాదు. గుడి కట్టడానికి చందా రాసినవారు, ఊరి జాతరకు మాట ఇచ్చినవారు, సంఘంలో కానుక ప్రకటించినవారు నా దగ్గరికి వచ్చినప్పుడు వాళ్ళ లెక్కల పుస్తకంలో ఒకటే లోపం కనిపిస్తుంది. దైవకార్యానికి ఇచ్చేది ఖర్చు కాదన్న భావనతో దాన్ని బడ్జెట్‌లో రాయరు. బడ్జెట్‌లో లేదు కాబట్టి దానికి చేతిలో సొమ్ము ఉండదు. చేతిలో సొమ్ము లేదు కాబట్టి అప్పు తెస్తారు. కొడుకు చదువుకో ఇంటి కప్పుకో అప్పు చేసేటప్పుడు పదిసార్లు ఆలోచించే మనిషే, పవిత్రమైన పని అనగానే వడ్డీ రేటు కూడా సరిగా అడగకుండా సంతకం పెట్టేస్తాడు.

మీ పరిస్థితిలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది ఆ 38,000. మీ ఇంటి ఖర్చుతో పోలిస్తే అది ఇరవై నాలుగు రోజుల సొమ్ము. ప్రైవేటు ఉద్యోగం, ఒక్కరి జీతం, ఇద్దరు పిల్లలు, మందుల మీద ఉన్న తల్లి ఉన్న ఇంట్లో కనీసం ఆరు నెలల ఖర్చు, అంటే 2,82,000 రూపాయలు, ఎవరూ ముట్టుకోని చోట ఉండాలి. మీ యజమాని రెండు నెలలు జీతం ఆలస్యం చేస్తే చాలు, నాలుగో వారానికి మీరు చేబదులు కోసం తిరగవలసి వస్తుంది. అమ్మగారికి రాత్రివేళ ఆయాసం వచ్చి ఆసుపత్రిలో చేర్చుకునే ముందు అడ్వాన్సు కట్టమన్నప్పుడు ఆదుకోవలసింది ఈ నిధే. అది లేని ఇంట్లో ఆఖరి ఆసరాగా మిగిలేది బంగారం. మీరు ఆ ఆఖరి ఆసరానే ముందుగా తాకట్టు పెడతానంటున్నారు. అత్యవసర నిధి లేకుండా చేసే ఏ పెద్ద దానమైనా, ఏ పెద్ద పెట్టుబడైనా, ఏ పెద్ద కొనుగోలైనా తప్పే, అది ఎంత మంచి పనైనా సరే. ఇంతకంటే మెత్తగా చెప్పడం నాకు చేతకాదు.

ఇక అప్పు లెక్క చూడండి. నూటికి రూపాయిన్నర అంటే వినడానికి చిన్నదిగా ఉంటుంది, ఏడాదికి అది 18 శాతం. రెండు లక్షల మీద నెలకు 3,000, ఏడాదికి 36,000. మీరు చెప్పిన ధర ప్రకారం తొంభై బైబిళ్ళ డబ్బు చైనాకు కాక ఫైనాన్స్ సంస్థకు చేరుతుంది. నెలకు మీకు మిగిలేది 5,000. అందులో మొదటి నెల వడ్డీ పోతే 2,000 మిగులుతాయి. అసలు తగ్గేకొద్దీ వడ్డీ తగ్గుతుందనుకున్నా, నెలనెలా ఆ 5,000 మొత్తం కట్టినా అప్పు తీరడానికి ఐదేళ్ళు దాటుతుంది. బంగారం రుణాలు మాత్రం సాధారణంగా ఏడాదికే గడువు తీరతాయి. గడువు తీరాక వడ్డీ కట్టించుకుని రెన్యువల్ పేరుతో కొత్త కాగితం రాయించుకుంటారు, లేదా నోటీసు పంపి వేలం వేస్తారు. దినపత్రికల జిల్లా పేజీల్లో బంగారు ఆభరణాల వేలం ప్రకటనలు మీరూ చూసే ఉంటారు. శాఖ పేరు, దాని కింద చిన్న అక్షరాల్లో వరుసగా ఖాతా నంబర్లు, చివర తేదీ, సమయం. ఆ నంబర్లలో ప్రతి ఒక్కటీ ఎవరో ఒకరి పుస్తెలతాడో గాజులో, వచ్చే ఏడాది విడిపిస్తామనుకుని పెట్టినవే.

మీరు ఆదుకోవాలనుకుంటున్న చోట పరిస్థితి ఎలా ఉందో కూడా కొంచెం చూడాలి, ఎందుకంటే అప్పు చేసి ఒకేసారి పెద్ద మొత్తం పంపడం అక్కడి అవసరానికి కూడా సరిపడదు. చైనాలో బైబిలు అచ్చు కాకపోవడం అసలు సమస్య కాదు. నాన్‌జింగ్‌లోని అమిటీ ముద్రణాలయం 2019 నాటికి 20 కోట్ల ప్రతులు అచ్చు వేసింది. వాటిలో చాలా భాగం విదేశాలకు వెళుతుంది, మిగిలినవి చైనా పాఠకులకు తక్కువ ధరకు అందేందుకు బైబిలు సొసైటీల ప్రపంచ సమాఖ్య అయిన యునైటెడ్ బైబిల్ సొసైటీస్ పేపరు ఖర్చు భరిస్తూ వచ్చింది. చిక్కంతా పంపిణీలో ఉంది. అక్కడ బైబిలు మామూలు పుస్తకాల దుకాణంలో దొరకదు, ప్రభుత్వ గుర్తింపు ఉన్న సంఘాల ద్వారానే అమ్ముతారు. సవరించిన మత వ్యవహారాల నిబంధనలు 2018 ఫిబ్రవరి 1న అమలులోకి వచ్చాక, ఆ వసంతంలోనే పెద్ద ఆన్‌లైన్ దుకాణాల నుంచి కూడా బైబిలును తొలగించారు. గుర్తింపు తీసుకోని గృహ సంఘాల మీద ఒత్తిడి అదే ఏడాది పెరిగింది. బీజింగ్‌లోని జియోన్ సంఘాన్ని సెప్టెంబరులో నిషేధించారు, డిసెంబరులో చెంగ్దూలోని ఒక పెద్ద గృహ సంఘం మీద దాడి చేసి కాపరిని, ఎందరో విశ్వాసులను పట్టుకెళ్ళారు. ఆ కాపరికి మరుసటి ఏడాది తొమ్మిదేళ్ళ శిక్ష పడింది. జెజియాంగ్ ప్రావిన్సులోని తైజౌలో ఆన్‌లైన్ క్రైస్తవ పుస్తకాల దుకాణం నడిపిన వ్యక్తికి 2020లో ఏడేళ్ళ జైలు శిక్ష వేశారు.

1981 జూన్‌లో ఒకే రాత్రి దక్షిణ చైనాలోని షాంటౌ దగ్గరి సముద్ర తీరానికి పది లక్షల బైబిళ్ళు రహస్యంగా చేర్చిన సంగతి మీ సంఘంలో ఎవరైనా చెప్పి ఉండవచ్చు. ఇప్పుడు అలాంటి రోజులు లేవు. ఒక్కొక్కటి ముప్పావు కిలో అనుకున్నా మీ 500 బైబిళ్ళు 375 కిలోలు. అంత బరువు కస్టమ్స్ కళ్ళు కప్పి వెళ్ళదు, వెళ్ళాలని ప్రయత్నిస్తే పట్టుబడి జైలుకు వెళ్ళేది అక్కడ అందుకునే మనిషి. ప్రయాణికులు తమ సొంతానికి తీసుకెళ్ళే కొద్ది ప్రతులకే అక్కడ అనుమతి ఉంటుంది. కాబట్టి ఈ పని నిజాయితీగా చేసే ఏ సంస్థ అయినా నిదానంగా, ఏళ్ళ తరబడి చేస్తుంది. దానికి కావలసింది ప్రతి నెలా తప్పకుండా వచ్చే చిన్న మొత్తం. నెలాఖరులోగా రెండు లక్షలు కావాలనే తొందర ఆ పని స్వభావంలోనే లేదు, అది డబ్బు అడుగుతున్న మనిషి తొందర.

ఆ మనిషి గురించి మీరు ఒక్క వివరం కూడా రాయలేదు. విదేశాలకు వెళ్ళవలసిన కానుకను వ్యక్తిగత ఖాతాకు ఎందుకు పంపాలి? మన దేశం నుంచి విదేశీ సంస్థకు విరాళం పంపడానికి సక్రమమైన దారి ఉంది. వ్యక్తులు విదేశాలకు డబ్బు పంపుకోవడానికి రిజర్వు బ్యాంకు అనుమతించిన ఎల్‌ఆర్‌ఎస్ పథకం కింద ఎవరైనా తమ బ్యాంకుకు పాన్ ఇచ్చి, ఏ2 ఫారం నింపి, కారణం విరాళమని రాసి, సంస్థ పేరు మీదే పంపవచ్చు. పాన్, సంస్థ పేరు, రసీదు ఏదీ లేకుండా ఎవరి చేతుల మీదుగానో దేశం దాటే డబ్బు విదేశీ మారకద్రవ్య చట్టమైన ఫెమా కింద మిమ్మల్ని కూడా చిక్కుల్లో పడేస్తుంది. ఒక్కో బైబిలుకు 400 ఎలా తేలిందో, ఏ అనువాదమో, ఎక్కడ అచ్చయిందో, పోయినేడు ఎన్ని చేరాయో ఆయన్ని రాతపూర్వకంగా అడగండి. జవాబు రాకపోతే ఒక్క రూపాయి కూడా పంపవద్దు. విదేశీ సంస్థకు ఇచ్చిన దానికి ఆదాయపు పన్నులో 80జి మినహాయింపు ఉండదు, ఆ ఆశ పెట్టుకోవద్దు.

ఇప్పుడు చేయవలసింది చెబుతాను. నెలకు మిగిలే 5,000లో 800 రూపాయలు, అంటే మీ లెక్కలో రెండు బైబిళ్ళ ఖరీదు, ఈ నెల నుంచే ఈ పనికి కేటాయించండి. సంస్థ ఏదో తేలే వరకు ఆ సొమ్మును విడిగా దాచండి. మిగిలిన 4,200 జీతం పడిన మర్నాడే అత్యవసర నిధికి పోవాలి, నెలాఖరున మిగిలితే వేద్దామనుకుంటే ఎన్నడూ మిగలదు. మీ బండి ఈఎంఐ ఇంకా ఎన్ని నెలలో రాయలేదు. ఏడు నెలల్లో తీరుతుందనుకుందాం. ఆ తర్వాత ఆ 3,200 కూడా ఈ నిధికే కలిపితే నెలకు 7,400 అవుతుంది. ఈ లెక్కన పదిహేడు నెలల్లో మూడు నెలల ఖర్చు, 1,41,000, మీ చేతిలో ఉంటుంది. ఆ రోజున బైబిళ్ళ కానుకను 2,500కు పెంచండి. ఆరు నెలల మొత్తం పూర్తయ్యాక మీ ఇష్టం వచ్చినంత ఇవ్వండి, నేను అడ్డు చెప్పను. అప్పుడు 500 బైబిళ్ళూ పూర్తవుతాయి, ఫైనాన్స్ సంస్థకు ఒక్కటీ పోదు. ఈ నిధిని బ్యాంకు డిపాజిట్‌లో పెట్టండి, షేర్లలోనూ చీటీలోనూ వద్దు.

పీఎఫ్ మీ ముసలితనానిది, దాని జోలికి వెళ్ళకండి. అమ్మగారికి కంపెనీ ఆరోగ్య బీమా వర్తిస్తుందో లేదో ఈ వారమే హెచ్‌ఆర్‌ను అడగండి. మీకు టర్మ్ పాలసీ, అంటే మీరు లేకపోతే కుటుంబానికి సొమ్ము అందించే జీవిత బీమా, లేకపోతే కానుక కంటే ముందు అది తీసుకోండి.

సంఘంలో అందరి ముందు మాట ఇచ్చాను, ఇప్పుడు వెనక్కి తగ్గితే ఎలా అన్న బాధ మీ ఉత్తరంలో కనిపిస్తోంది. పాస్టరు గారితో విడిగా మాట్లాడి, 500 బైబిళ్ళ మాట అలాగే ఉందనీ, గడువు మాత్రం కొన్నేళ్ళనీ చెప్పండి. కొరింథీయులకు రాసిన రెండో పత్రిక ఎనిమిదో అధ్యాయంలో పౌలు కానుక గురించి చెప్పింది కూడా కలిమి కొలది ఇవ్వమనే, లేనిదాన్ని తెచ్చి ఇవ్వమని కాదు. మీ పాస్టరు గారికి ఆ వచనం నాకంటే బాగా తెలుసు.

చివరిగా ఒక విషయం. ఆ బంగారం మీ భార్యదని మీరే రాశారు, కానీ ఉత్తరమంతటిలో ఆమె ఏమంటున్నారో ఒక్క మాట కూడా లేదు. అది ఆమె స్త్రీధనం, దాని మీద నిర్ణయం ఆమెదే. ఫైనాన్స్ సంస్థ వాళ్ళకు ఫోన్ చేసి రుణం వద్దని చెప్పండి. ఆ తర్వాత ఈ లెక్కల కాగితం ఆమె ముందు పెట్టి, నెలకు 800 ఇద్దామా, ఇంకొంచెం తక్కువ ఇద్దామా అన్నది ఇద్దరూ కలిసి తేల్చుకోండి.