సర్వర్‌కు డెస్క్‌టాప్ పెట్టే ముందు

తార్నాక, హైదరాబాద్

చిరంజీవి అమ్మలుకు,

మామయ్య ఆశీస్సులు. సికింద్రాబాద్ కంప్యూటర్ల బజారు సీటీసీలో కొన్న పాత కంప్యూటర్‌లో ఉబుంటు సర్వర్ (ఆదేశాలు టైపు చేసి నడిపే లినక్స్) ఎక్కించి, మీ బడి హాజరు పట్టికలు, ఫీజు లెక్కలు అందులోకి చేర్చావని విని చాలా సంతోషించాను. ఆ నల్ల తెర చూసి గుమాస్తా గారు బెదురుతున్నారనీ, బొమ్మలతో, మౌస్‌తో నడిచే డెస్క్‌టాప్ పెట్టేయనా అనీ అడిగావు. పెట్టవచ్చు, పెద్ద పనేమీ కాదు. అయితే ముందు నాకొకటి చెప్పు. ఆయన ఆ యంత్రం ముందే కూర్చోవాలా?

ఆయనకు కావలసింది ఫైళ్లే అయితే, ఆయన విండోస్ కంప్యూటర్‌లో విన్‌ఎస్‌సీపీ అనే ఫైళ్లు చేరవేసే ప్రోగ్రాము పెట్టి ఇవ్వు. నువ్వు రోజూ వాడే ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి భద్రంగా వెళ్లే పద్ధతి) దారిలోనే సర్వర్ ఫోల్డర్లు ఆయన కళ్లముందుకు వస్తాయి, మౌస్‌తో అటూ ఇటూ లాగుకోవచ్చు. డిస్కు ఎంత నిండిందో, ఏ సర్వీసు ఆగిందో చూడడం నీ అవసరమైతే కాక్‌పిట్ అనే ప్రోగ్రాము పెట్టుకో, బ్రౌజర్‌లో 9090 పోర్టులో (నెట్‌వర్క్ తలుపు అనుకో) తెరుచుకుంటుంది. ఈ రెండింటితో పని గడిచేటట్లయితే ఆ యంత్రం మీద డెస్క్‌టాప్ బరువు వేయవద్దమ్మా.

లేదు, ఆ కంప్యూటర్‌లోనే తెర మీద నడిపే ప్రోగ్రాము ఉంది అంటే, అప్పుడు పెట్టు. కానీ ఏది పెడతావన్నది ముఖ్యం. ఉబుంటు 22.04 పూర్తి డెస్క్‌టాప్‌కు 4 జీబీ ర్యామ్ ఉండాలని దాన్ని తయారుచేసినవారే చెబుతారు. నీ దగ్గర ఉన్నదే 4 జీబీ, అందులో డేటాబేస్ కూడా బతకాలి. అందుకని ఉబుంటు-డెస్క్‌టాప్ ప్యాకేజీ జోలికి పోకు. ఎక్స్‌ఎఫ్‌సీఈ4 అనే డెస్క్‌టాప్ చాలు, తేలికైనది.

బరువు కంటే నన్ను ఎక్కువగా భయపెట్టేది మరొకటి. కొన్నేళ్ల క్రితం ఒక డెబియన్ 10 (ఇదీ లినక్సే) సర్వర్‌కు గ్నోమ్ డెస్క్‌టాప్ పెట్టి, శుక్రవారం సాయంత్రం తృప్తిగా ఇంటికి వచ్చేశాను. సోమవారం వెళ్తే యంత్రం పలకలేదు. చెడిపోలేదు, నిద్రపోయింది! కీబోర్డు, మౌస్ ఎవరూ ముట్టుకోకపోతే 20 నిమిషాలకు కంప్యూటర్‌ను నిద్రపుచ్చడం అప్పటి గ్నోమ్‌కు అలవాటు, ఎవరూ లాగిన్ కాకపోయినా సరే. నెట్‌వర్క్ మీద పదిమంది దాన్ని నమ్ముకుని ఉన్నారన్నది దాని లెక్కలోకి రాదు. ఆ మూడు రాత్రుల బ్యాకప్‌లు లేకుండా పోయాయి. అందుకే ఏ డెస్క్‌టాప్ పెట్టినా సరే, సిస్టమ్‌సీటీఎల్ మాస్క్ ఆదేశంతో స్లీప్, సస్పెండ్, హైబర్నేట్, హైబ్రిడ్-స్లీప్ టార్గెట్‌లు (యంత్రాన్ని నిద్రపుచ్చే దారులు) నాలుగింటినీ మూసేయి. ఇది మాత్రం మరిచిపోకు.

ఇక పని సంగతి. ఆదివారం చెయ్యి, బడి రోజున వద్దు. ముందు లెక్కలన్నీ వేరే డిస్కులోకి తీసి, ఆ డిస్కును యంత్రం నుంచి విడదీసి పక్కన పెట్టు. 'ఫ్రీ -హెచ్' కొట్టి, అవైలబుల్ కింద ఎంత ర్యామ్ ఉందో కాగితం మీద రాసుకో. తర్వాత 'సుడో ఆప్ట్ అప్‌డేట్', ఆపైన 'సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఎక్స్‌ఎఫ్‌సీఈ4'. ఏమేమి దిగబోతున్నాయో ఆ జాబితా అంతా చదివాకే వై నొక్కు. మధ్యలో లాగిన్ తెర ఏది కావాలని అడిగితే లైట్‌డీఎమ్ ఎంచుకో.

అది అయిపోగానే రీస్టార్ట్ చేయవద్దు. చేస్తే ఇకనుంచి ప్రతిసారీ డెస్క్‌టాప్ లాగిన్ తెరతోనే లేస్తుంది. ముందు సిస్టమ్‌సీటీఎల్ సెట్-డిఫాల్ట్‌తో మల్టీ-యూజర్ టార్గెట్ (డెస్క్‌టాప్ లేకుండా లేచే పద్ధతి) పెట్టు. మే నెల గాలివానకు కరెంటు పోయి వచ్చినా, యంత్రం మునుపటిలా నల్ల తెరతోనే లేచి తన పని తాను చూసుకుంటుంది. గుమాస్తా గారికి పని పడినప్పుడు పేరు, పాస్‌వర్డ్ ఇచ్చి, 'స్టార్ట్‌ఎక్స్' అనే ఒక్క మాట కొడితే డెస్క్‌టాప్ వస్తుంది. పని ముగిసి లాగ్అవుట్ కాగానే అది తిన్న ర్యామ్ కూడా తిరిగి వస్తుంది. ఆ ఒక్క మాట నేర్పడానికి ఆయన పక్కన పది నిమిషాలు కూర్చో, విసుక్కోకు. ఆయనకు ప్రత్యేకంగా ఒక ఖాతా తెరువు, సుడో హక్కు (యంత్రంలో ఏదైనా మార్చగల అధికారం) ఇవ్వకు. ఇంటర్నెట్ చూడడానికి ఆ యంత్రాన్ని వాడనివ్వకు.

ఇంటి నుంచి నీకు ఆ డెస్క్‌టాప్ కావాలంటే, దాన్ని దూరం నుంచి చూపించే ఎక్స్‌ఆర్‌డీపీ అనే ప్రోగ్రాము ఉంది. దాని 3389 పోర్టును రౌటర్‌లో బయటి ప్రపంచానికి తెరిచావో, పాస్‌వర్డ్‌లు ఊహిస్తూ ప్రయత్నించేవాళ్లు రాత్రింబగళ్లు తలుపు తడుతూనే ఉంటారు. బడి పిల్లల వివరాలున్న యంత్రం అది. ఎస్‌ఎస్‌హెచ్ సొరంగం లోపలి నుంచే రా. నీ విండోస్ ల్యాప్‌టాప్ వైపు ఆ సొరంగానికి 3390 పోర్టు పెట్టుకో, 3389ను విండోసే వాడుకుంటూ ఉండవచ్చు.

తర్వాత వద్దనిపిస్తే ఏమేమి తీసేయాలో వెతుక్కోనక్కరలేదు. వార్, లాగ్, ఆప్ట్ ఫోల్డర్లలో వరుసగా దిగితే హిస్టరీ డాట్ లాగ్ అనే ఫైలు ఉంటుంది, ఆ రోజు దిగిన ప్రతి ప్యాకేజీ పేరూ అందులో ఉంటుంది.

అంతా అయ్యాక ఒకసారి రీస్టార్ట్ చేసి, గంటసేపు ముట్టుకోకుండా వదిలేసి, ఎస్‌ఎస్‌హెచ్‌తో పలుకుతోందో లేదో చూడు. డెస్క్‌టాప్ తెరిచి ఉన్నప్పుడు మళ్లీ 'ఫ్రీ -హెచ్' కొట్టి, కాగితం మీది మొదటి అంకె పక్కన రెండోది రాయి. ఆ రెండూ నాకు ఫోనులో పంపు.

మీ మామయ్య