చోక్ తీస్తే ఆగిపోతోందా? కార్బొరేటర్ కొనే ముందు పైలట్ జెట్ చూడండి

రాయగడలో ఒకరి పాత స్ప్లెండర్ బైకు వానాకాలమంతా మూలనుంది. ఇప్పుడు చోక్ (చల్లటి ఇంజన్‌కు గాలి తగ్గించి పెట్రోలు పాలు పెంచే మీట) మీదే నడుస్తోంది, తీయగానే ఆగిపోతోంది, కొత్త కార్బొరేటర్ (గాలి, పెట్రోలు కలిపి ఇంజన్‌కు పంపే భాగం) కొనాలా అని అడిగారు. ఇప్పుడే కొనకండి. స్లోలో, అంటే యాక్సిలరేటర్ తిప్పనప్పుడు, పెట్రోలు చాలడం లేదు, అంతే. నేను విప్పిన ఇలాంటి బళ్లలో తప్పు ఎక్కువగా పైలట్ జెట్‌దే, అంటే స్లోలో పెట్రోలు వెళ్లే సన్నని రంధ్రమున్న చిన్న ముక్కదే. ఇప్పటి పెట్రోల్లోని ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. బండి నెలల తరబడి నిలబడితే కార్బొరేటర్ కింది గిన్నె, అంటే బౌల్ అడుగున తెల్లపొడి, జిగురు పేరుకుంటాయి.

పెట్రోల్ కాక్ మూసి, బౌల్ ఖాళీ చేసి కార్బొరేటర్ విప్పండి. స్లోలో గాలి, పెట్రోలు పాళ్లు సరిచేసే మిక్చర్ స్క్రూను ముందు లోపలికి తిప్పుతూ ఎన్ని చుట్లకు ఆగిందో రాసుకుని, ఆ తర్వాతే బయటికి తీయండి. ఆగిన చోట బిగించొద్దు, మొన విరుగుతుంది. జెట్లు ఇత్తడివి. గాడికి సరిగ్గా పట్టే స్క్రూడ్రైవర్ లేకపోతే తల చెడిపోతుంది.

పైలట్ జెట్ రంధ్రం అర మిల్లీమీటరు కంటే సన్నం. ఆకాశం వైపు పెట్టి చూస్తే గుండ్రటి వెలుగు చుక్క కనబడాలి. చుక్క వంకరగా ఉందంటే ఇంకా జిగురుంది. గుండుసూది పెట్టొద్దు, రంధ్రం పెద్దదై మైలేజీ పోతుంది. కరెంటు వైరులోని ఒక్క రాగి పోగు చాలు. జెట్ పక్కన ఉండే చిన్న రంధ్రాలనూ వదలొద్దు. జెట్ శుభ్రమైనా బాడీలోని దారి మూసుకుని ఉంటే ఫలితం ఉండదు. కార్బొరేటర్ క్లీనర్ స్ప్రే కొట్టి, మిక్చర్ స్క్రూ రంధ్రం నుంచి బయటికి వస్తోందో లేదో చూడండి. రబ్బరు, ప్లాస్టిక్ భాగాలన్నీ తీసేశాకే క్లీనర్ వాడాలి. థిన్నర్ అసలొద్దు.

ఫ్లోట్ నీడిల్ (బౌల్ నిండగానే పెట్రోలు ఆపే సూది) మొన మీద గీత పడి ఉంటే మార్చేయండి, లేకపోతే పెట్రోలు పొంగుతుంది. బౌల్ గాస్కెట్, మానిఫోల్డ్ (కార్బొరేటర్‌ను ఇంజన్‌కు కలిపే గొట్టం) ఓరింగ్ పాతవి మళ్లీ వేయొద్దు. ఓరింగ్ దగ్గర గాలి లాగినా ఇదే జబ్బు కనిపిస్తుంది, చాలామంది అక్కడే మోసపోతారు. ఈ గాస్కెట్, ఓరింగ్ ఉండే కిట్ రాయగడలో దొరక్కపోతే పార్వతీపురంలో అడగండి. బిగించేటప్పుడు స్లైడ్ (యాక్సిలరేటర్ తిప్పితే పైకి లేచే ముక్క) గాడి లోపలి పిన్ను మీద కూర్చోవాలి. తప్పితే స్టార్ట్ చేయగానే ఇంజన్ ఫుల్ రేస్‌లో అరుస్తుంది.

స్క్రూను రాసుకున్న చుట్లకే పెట్టండి. లెక్క పోతే పూర్తిగా లోపలికి తిప్పి, ఒకటిన్నర చుట్టు బయటికి తీసి మొదలుపెట్టి, ఇంజన్ వేడెక్కాక సరిచేసుకోండి. బండి ఎక్కువగా కోరాపుట్ వైపు తిరిగేదైతే అక్కడికెళ్లాకే ఆఖరి ట్యూనింగ్ చేయండి. అది సుమారు 870 మీటర్ల ఎత్తు, గాలి పలచన. కింద సరిపోయిన మిశ్రమంలో అక్కడ పెట్రోలు కాస్త ఎక్కువై స్పార్క్ ప్లగ్ నల్లబడుతుంది.