హోరులో రాగం

ప్రశ్న: ఫ్రాన్స్‌కు చెందిన అనొరెక్సియా నెర్వోసా బృందం 2001లో విడుదల చేసిన ‘న్యూ అబ్‌స్క్యూరాంటిస్ ఆర్డర్’ ఆల్బమ్‌ను మా అబ్బాయి రాత్రంతా వింటున్నాడు. కొంత ఫ్రెంచిలోనూ పాడారట. నాకు హోరు తప్ప ఏమీ వినిపించడం లేదు. ఇందులో సంగీతం ఎక్కడుందండీ?
– ఒక తండ్రి, తార్నాక, హైదరాబాద్

జవాబు: మీరు విన్న హోరు చాలావరకు డ్రమ్ములది, బ్లాస్ట్ బీట్ అనే పద్ధతిలో అవి తెరిపి లేకుండా మోగుతుంటే, గిటారు ఒక్కో స్వరాన్ని అతి వేగంగా మళ్లీమళ్లీ మీటుతూ దట్టమైన తెరలా పరుచుకుంటుంది. దానిపైన కీబోర్డు పలికించే వయొలిన్ల, బృందగానపు ధ్వనులే రాగాన్ని మోస్తాయి కనుక, మొదటిసారి గొంతును వదిలేసి వాటినే వెంబడించండి. గొంతు అరుపే, కాదనను. అయితే ఫ్రెంచి ‘ర’కారం కొండనాలుక దగ్గర పుడుతుంది కాబట్టి ఆ గరగర అరుపుకు చక్కగా అతుకుతుంది. అబిడ్స్ ట్రాఫిక్‌లో మాత్రం వినకండి, కీబోర్డు పూర్తిగా మునిగిపోతుంది.