డ్యాంపెనర్ ముట్టుకునే ముందు

అమ్మలూ,

మీ అమ్మ నిన్న రాత్రి ఫోన్ చేసింది. పరవాడలో మీ ప్లాంట్లో కాస్టిక్ (ఒళ్ళు కాల్చేసే క్షారం) కొలతగా పంపే డోసింగ్ పంపు లైన్ ఊగిపోతోందట, దాన్ని సరిచేసే పని నువ్వే అడిగి తీసుకున్నావట. మనింటి పిల్ల పంపు విప్పుతానంటే నా గుండె పొంగిపోయింది. కాస్టిక్ అన్న మాట విన్నాక మాత్రం నిద్ర పట్టలేదు. తెల్లారకుండానే లేచి ఇది రాస్తున్నాను.

తేలికవి ముందు. స్ట్రెయినర్ (చెత్త ఆపే జల్లెడ) కడుగు. బాల్ వాల్వుల కింద చెత్త ఉందేమో చూడు. సక్షన్ పైపు పొట్టిగా, లావుగా ఉండాలి. ఇక్కడ చాలామంది పొరపడతారు. ప్లంజర్, అంటే పంపులో ముందుకీ వెనక్కీ ఆడే కడ్డీ, ముందుకొస్తేనే తోస్తుంది, వెనక్కెళ్తే తోయదు. అందుకే గంటకు 100 లీటర్లిచ్చే ఒంటి హెడ్ (ఒకే ప్లంజర్ ఉన్న) పంపు, తోపు మధ్యకొచ్చేసరికి గంటకు 314 లీటర్ల వేగం అందుకుంటుంది. పీల్చేటప్పుడూ అంతే. పైపు సైజు ఆ 314కి చూడాలి, 100కి కాదు. మూడు హెడ్‌లు 120 డిగ్రీల తేడాతో నడిస్తే ఈ ఎగుడుదిగుడు చాలా తగ్గుతుంది కానీ, నీకు కొత్త పంపు ఎవరు కొనిస్తారు? కాబట్టి డ్యాంపెనర్ పెట్టు, అంటే లోపల బ్లాడర్ (రబ్బరు సంచి) వెనక నైట్రోజన్ నింపిన కుండ, ఆ గ్యాస్ మెత్తగా అణిగి లైన్ కుదుపుని మింగుతుంది. పంపు మూతి దగ్గరే పెట్టు, చోటు లేదని గోడ అవతలికి తీసుకెళ్ళకు. దాని తర్వాత, పంపుకి ఎదురు ఒత్తిడి నిలిపే బ్యాక్ ప్రెషర్ వాల్వు.

ఇప్పుడు నా తప్పు చెప్తాను. ఇది మీ అమ్మకి కూడా పూర్తిగా తెలీదు.

నువ్వింకా పుట్టలేదు. మా దగ్గరా కాస్టిక్ లైనే, ప్రెషర్ చదరపు సెంటీమీటరుకి 8 కేజీలు. డ్యాంపెనర్లో నైట్రోజన్ 6 కేజీలుండాలి. మా పంపు ఆపాను గానీ పక్క పంపు నడుస్తోంది, రెండూ కలిసే పెద్ద పైపు, హెడర్, ఒకటే. డ్యాంపెనర్‌ని లైన్ నుంచి విడదీసే ఐసోలేషన్ వాల్వు మూయలేదు. పైన గేజ్ బిగిస్తే ముల్లు 8 చూపించింది. గ్యాస్ ఎక్కువుందనుకుని వదలడం మొదలెట్టాను. బుస్సుమని పోతూనే ఉంది, ముల్లు 8 మీంచి కదల్లేదు. గేజ్ పట్టేసిందనుకుని వేలితో కొట్టాను కూడా. ఉన్నట్టుండి ముల్లు దిగింది. 6 దగ్గర ఆపి, పనైపోయిందని టీకి వెళ్ళాను.

నిజానికి నేను చూసింది లైన్ ప్రెషర్. గ్యాస్ పోయినకొద్దీ కింద నుంచి కాస్టిక్ ఎక్కి బ్లాడర్‌ని పైకప్పుకి అతికించేసింది. లోపల మెత్తదనమే మిగల్లేదు, ఒట్టి ఇనపకుండ. పైపు ఊగుతూనే ఉంటే మూలం వెతకలేదు, ఇంకో రెండు క్లాంపులు బిగించాను. మూడో రాత్రి గేజ్ ట్యాపింగ్ (గేజ్ బిగించే చిన్న పైపు) వెల్డింగ్ దగ్గర చిట్లింది. కాస్టిక్ చిమ్మి రీడింగ్ రాస్తున్న మా హెల్పర్ కుర్రాడి మొహం మీద పడింది. గాగుల్స్ మెడలో వేలాడుతున్నాయి. వాణ్ణి నీళ్ళ దగ్గరికి లాక్కెళ్ళడానికి చీకట్లో డ్రమ్ములన్నీ దాటాల్సి వచ్చింది. ఒక కన్ను మసకైపోయింది. ఇప్పటికీ కనబడితే "ఏం గురువు గారూ" అంటాడు, నన్ను చూడ్డానికి తల కాస్త పక్కకి తిప్పి.

అందుకే అమ్మలూ, పంపు ఆపితే సరిపోదు. వాల్వు మూసి, డ్రెయిన్ చేసి, లైన్ గేజ్ సున్నా చూపించాకే గ్యాస్ సంగతి. తయారీదారు పుస్తకంలో ఎంత రాస్తే అంత, మామూలుగా లైన్ ప్రెషర్‌లో 60 నుంచి 80 శాతం ఉంటుంది. నైట్రోజనే, అదీ రెగ్యులేటర్‌తోనే. ఆక్సిజన్ సిలిండర్ పక్కనే ఉందని ఎవరైనా అంటే అక్కణ్ణుంచి పంపించెయ్. పంపుకీ, ప్రెషర్ మితిమీరితే వదిలేసే రిలీఫ్ వాల్వుకీ మధ్య ఇంకో వాల్వు పెడతామంటే ఒప్పుకోకు, పై ఆఫీసరైనా సరే. చిన్నపిల్లవని కేకలేస్తే వెయ్యనీ.

గట్టిగా చెప్తున్నానని నొచ్చుకోకు. చిన్నప్పుడు కళ్ళల్లో ఇసక పడిందని ఆర్కే బీచ్‌లో ఏడిస్తే నా తువ్వాలు తడిపి తుడిచాను, ఆ కళ్ళే నాకు గుర్తొస్తున్నాయి.

రేపు డ్యూటీకెళ్ళగానే ఒక పని చెయ్. పక్కన ఎవరినైనా తోడుంచుకుని, పంపు దగ్గర్నుంచి కళ్ళు మూసుకుని ఐ వాష్ (కళ్ళు కడుక్కునే నీళ్ళ చోటు) దాకా నడువు. ఎన్ని అడుగులు పట్టిందో, దారిలో కాలికేం తగిలిందో సాయంత్రం నాకు ఫోన్ చేసి చెప్పు.

మీ పెద్దమావయ్య
మల్కాపురం, విశాఖపట్నం