సియాటిల్ లింక్ రైల్లో: ఓర్కా కార్డులో డబ్బున్నా ఛార్జీ కట్టలేదన్నారంటే

మీరూ, మీ ఆవిడా లింక్ (సియాటిల్ లైట్ రైలు)లో ఒకే ఓర్కా కార్డుతో (ముందే డబ్బు వేసుకునే ప్రయాణ కార్డు) వెళ్తే, అందులో 20 డాలర్లున్నా తనిఖీవాళ్లు ఛార్జీ కట్టలేదన్నారని అడిగారు. అంటే ఎక్కేముందు ట్యాప్ (రీడర్‌కు కార్డు తాకించడం) పడలేదన్నమాట. డబ్బు ఎంతున్నా ట్యాప్ చేస్తేనే అది టికెట్.

మనవాళ్లు ఎక్కువగా పొరపాటు పడేది ఇక్కడే. హైదరాబాద్ మెట్రోలో కార్డు పెట్టకపోతే గేటే తెరుచుకోదు. ఇక్కడ లింక్ స్టేషన్లలో గేట్లు లేవు, నేరుగా నడిచి వెళ్లి రైలెక్కేయొచ్చు. పసుపు రంగు రీడర్ పక్కనే ఉంటుంది, మనం ఫోన్ చూసుకుంటూ దాటేస్తాం.

1. ప్లాట్‌ఫామ్ మీదకు చేరాక రీడర్ కోసం వెతక్కండి. వెస్ట్‌లేక్ లాంటి భూగర్భ స్టేషన్లలో అది పై అంతస్తులోనే ఉంటుంది. ఎస్కలేటర్ దిగకముందే ట్యాప్ చేయండి. మరిచిపోతే మళ్లీ పైకెక్కాల్సిందే, రైలు వచ్చేస్తున్నా సరే.
2. ట్యాప్ చేశాక రీడర్ స్క్రీన్ మీద ఏం వచ్చిందో చూశాకే కదలండి.
3. దిగేటప్పుడు ట్యాప్ అక్కర్లేదు. 2024 ఆగస్టు చివరి నుంచి పెద్దలకు ఎంత దూరమైనా 3 డాలర్లే. దిగేటప్పుడూ ట్యాప్ చేయాలనే పాత వీడియోలు చూసి టెన్షన్ పడకండి.
4. మీరూ, మీ ఆవిడా ఒకే కార్డుతో వెళ్లారన్నారు కదా, అది కుదరదు. ఎవరి కార్డు వారిదే. 18 ఏళ్లు, అంతకంటే తక్కువ వయసున్న పిల్లలకు ఉచితం.
5. దిగి బస్సెక్కితే అదే కార్డు మళ్లీ ట్యాప్ చేయండి. రెండు గంటల్లోపైతే ముందు కట్టింది లెక్కలోకి వస్తుంది.